రైల్వే గేటు తీసేస్తే ఏం రావాలి? ఓవర్ బ్రిడ్జి, అండర్ బ్రిడ్జి, ఇంటర్‌లాకింగ్, దారి మళ్లింపు: ఎవరికి ఏది నప్పుతుంది

బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కాపలా లేని లెవల్ క్రాసింగ్‌లు 2019 జనవరి 31 నాటికి పూర్తిగా పోయాయి. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర స్కూలు బస్సును రైలు ఢీకొట్టింది అలాంటి గేటు లేని దాటుచోటే. ఇక మిగిలినవి మనిషి కాపలా ఉన్న గేట్లు. ఇవి ఇప్పటికీ వేలల్లో ఉన్నాయి. దేశంలోని లెవల్ క్రాసింగ్‌లన్నిటినీ ఐదేళ్లలో తీసేయాలని, అందుకు దాదాపు 50,000 కోట్ల రూపాయలు అవుతుందని అనిల్ కాకోద్కర్ కమిటీ 2012లోనే చెప్పింది. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. అయితే పని ఆగలేదు, ఏటా కొన్ని గేట్లు పోతూనే ఉన్నాయి.

గేటు పోవడం మంచిదే. దాని స్థానంలో ఏం వస్తుందన్న దగ్గరే తగాదా మొదలవుతుంది. రైల్వే చిన్న అండర్ బ్రిడ్జి కడతానంటుంది. ఊరివాళ్లు ఫ్లైఓవర్ కావాలంటారు. ఆర్ అండ్ బీ దగ్గర అప్రోచ్ రోడ్డుకు డబ్బుండదు. కలెక్టర్ సంతకం కోసం ఫైలు తిరుగుతూ ఉంటుంది. గేటు మూతకు పంచాయతీ అభిప్రాయం చెప్పాల్సిన సర్పంచ్‌లకు, వార్డు కౌన్సిలర్లకు, రోడ్ల శాఖ ఇంజినీర్లకు, ఏ గేటు మీద ముందు డబ్బు పెట్టాలో తేల్చాల్సిన వాళ్లకు ఈ పోలిక పనికొస్తుంది.

## ముందు చూడాల్సిన కొలతలు

టీవీయూ (ట్రైన్ వెహికల్ యూనిట్లు). రోజుకు దాటే రైళ్ల సంఖ్యను రోడ్డు వాహనాల యూనిట్లతో గుణిస్తే వచ్చే అంకె ఇది. లారీ, బస్సు, కారు, ఎడ్లబండి ఒక్కోటి ఒక యూనిట్. ఆటో అర యూనిట్. పదిమందిని ఎక్కించుకున్న షేర్ ఆటో ఈ లెక్కలో ఒక్కడే కూర్చున్న కారుకు సగం! నడిచేవాళ్లు, పశువులు లెక్కలోకే రారు. టీవీయూ లక్ష దాటితే ఓవర్ బ్రిడ్జి ఖర్చును రైల్వే, రాష్ట్రం చెరిసగం భరించడం ఎన్నాళ్లుగానో ఉన్న పద్ధతి. ఇటీవల కొన్ని పనులను రైల్వే పూర్తిగా తన ఖర్చుతోనూ చేపడుతోంది.

ఈ అంకె ఒక్కటే చూసి నిర్ణయిస్తే తప్పులో కాలేసినట్టే. ఒక గేటు మీదుగా రోజుకు 20 రైళ్లు, 2,700 వాహనాలు దాటుతున్నాయనుకోండి. ఇంకో గేటు దగ్గర 120 రైళ్లు, 450 వాహనాలు. రెండింటి టీవీయూ ఒకటే, 54,000. రైలుకు 6 నిమిషాల చొప్పున గేటు పడుతుందనుకుంటే మొదటి గేటు రోజుకు 2 గంటలు మూతపడి ఉంటుంది, రెండోది 12 గంటలు. మొదటి ఊరికి ఇంటర్‌లాకింగ్ (గేటు పడితే తప్ప రైలుకు సిగ్నల్ రాని ఏర్పాటు) ఉన్న మంచి గేటు ఇంకొన్నేళ్లు సరిపోవచ్చు. రెండో ఊరివాళ్లు సగం రోజు గేటు దగ్గరే నిలబడుతున్నారు. అందుకే టీవీయూతో పాటు గేటు మూత సమయం కూడా అడిగి తీసుకోండి. అది గేటు దగ్గరి రిజిస్టర్‌లో ఉంటుంది.

వాహనాల లెక్క ఏ నెలలో తీశారో కూడా అడగాలి. ఎండాకాలంలో తీసిన లెక్కలో ఖరీఫ్ వరికోతల నాటి ట్రాక్టర్లు ఉండవు, పత్తి లారీలు ఉండవు.

అన్నిటికన్నా ఎత్తైన వాహనం. ఆ దారిన రోజూ వెళ్లే బండిని కాదు, ఏడాదికి పది రోజులే అయినా తప్పకుండా వెళ్లాల్సిన బండిని చూడాలి. మామూలు సరుకు వాహనానికి నియమం 4 మీటర్ల వరకు. వరిగడ్డి వేసిన ట్రాక్టర్ దాన్ని లెక్కచేయదు. లారీ మీద ఎక్కించి తెచ్చే చైన్ మిషన్ కూడా 4 మీటర్లు దాటేస్తుంది. బోర్ల లారీ, మిల్లుకు వెళ్లే ధాన్యం లారీ కూడా జాబితాలో ఉండాలి. విద్యుదీకరించిన మార్గంలో గేటు దగ్గర హైట్ గేజ్ (ఎత్తు హద్దుగా పెట్టే అడ్డ కమ్మి) 4.67 మీటర్లు ఉంటుంది. అంటే ఇప్పుడు గేటు మీదుగా వెళ్లగలిగే బండి ఆ ఎత్తు వరకు ఉండొచ్చు. కొత్త దారి అంతకన్నా తక్కువైతే మీరు కొంత వదులుకుంటున్నట్టే.

పట్టాలు నేల కన్నా ఎంత ఎత్తున ఉన్నాయి. గట్టు మీద ఉంటే అండర్ బ్రిడ్జి తేలిక. నేలకు సమానంగానో, నేలను తవ్విన కోతలోనో ఉంటే అండర్ బ్రిడ్జి గొయ్యి అవుతుంది.

నీళ్లు ఎటు పోతాయి. దీని గురించి కింద వివరంగా ఉంది. ఎక్కువ ఊళ్లు దెబ్బతిన్నది ఇక్కడే.

రేపటి లైన్లు. కాజీపేట–బల్లార్ష, కాజీపేట–విజయవాడ, విజయవాడ–గూడూరు మార్గాల్లో మూడో లైన్ పనులు చేపట్టారు. రెండు లైన్లకు సరిపడా కట్టిన కట్టడాన్ని మళ్లీ తవ్వాల్సి వస్తే ఆ ఖర్చుకు అర్థం లేదు.

## ఒక్క చూపులో

| | ఇంటర్‌లాకింగ్ గేటు | చిన్న అండర్ బ్రిడ్జి | ఓవర్ బ్రిడ్జి | మూసి దారి మళ్లింపు |
|---|---|---|---|---|
| ఖర్చు | అన్నిటికన్నా తక్కువ, కానీ గేట్‌మన్ జీతాలు ఎప్పటికీ | కొన్ని కోట్లు | పదుల కోట్లు, పట్టణంలో వంద దాకా | పక్క రోడ్డు పొడవును బట్టి |
| కట్టే కాలం | నెలలు | నెలలు, పట్టాల కింద పని కొన్ని గంటలు | ఏళ్లు | భూమి దొరికితే నెలలు |
| భూమి | అక్కర్లేదు | కొద్దిగా | చాలా | పక్క రోడ్డుకు |
| ఎత్తైన బండి | 4.67 మీ. వరకు | లోపలి ఎత్తును బట్టి, తరచూ 4 మీ. లోపే | ఇబ్బంది లేదు | రెండో దాటుచోటును బట్టి |
| వాన | ఇబ్బంది లేదు | పెద్ద సమస్య | ఇబ్బంది లేదు | ఇబ్బంది లేదు |
| నడిచేవాళ్లు | సులువు | ఎండలో సులువు, వానలో కష్టం | చాలా కష్టం | అన్నిటికన్నా కష్టం |
| ఎదురుచూపు | తప్పదు | లేదు | లేదు | లేదు, కానీ చుట్టు తిరగాలి |

## గేటు ఉంచి ఇంటర్‌లాకింగ్ చేయడం

గేటు పడి, తాళం పడితే తప్ప రైలుకు సిగ్నల్ రాకుండా చేసేదే ఇంటర్‌లాకింగ్. అది లేని గేట్లో స్టేషన్ మాస్టర్ ఫోన్ చేస్తాడు, గేట్‌మన్ గేటు వేస్తాడు, వేశానన్న హామీగా ప్రైవేటు నంబరు (రహస్య సంకేత అంకె) చెప్తాడు. భద్రత అంతా ఆ ఇద్దరి మాట మీదే. ఒకరు మరిచిపోతే ఆపే యంత్రం ఏదీ లేదు. 2025 జులై 8న తమిళనాడు కడలూరు జిల్లా సెమ్మన్‌కుప్పంలో స్కూలు వ్యాన్‌ను రైలు ఢీకొట్టింది ఇలాంటి గేటు దగ్గరే. ఆ తర్వాత ఇంటర్‌లాకింగ్‌కు టీవీయూ హద్దును 20,000 నుంచి 10,000కు దించాలని, గేట్లన్నిటి దగ్గరా సీసీ కెమెరాలు పెట్టాలని రైల్వే మంత్రి ఆదేశించారు.

కాబట్టి మీ గేటు టీవీయూ 10,000 దాటి ఇంటర్‌లాకింగ్ లేకపోతే, పైవంతెన కోసం పదేళ్లు ఎదురుచూసేకన్నా ముందు దీన్ని గట్టిగా అడగండి. బ్రిడ్జి వచ్చాక ఈ ఖర్చు వృథా కదా అనే వాదన వస్తుంది. వృథా కాదు, బ్రిడ్జి వచ్చేదాకా ప్రాణాలకు భరోసా అదే.

రైల్వే వైపు నుంచి చూస్తే దీనికో నష్టముంది. వాహనాల వరస తెగక గేటు పడకపోతే సిగ్నల్ రాదు, రైలు ఆగుతుంది. బరువైన గూడ్సు ఒకసారి ఆగితే మళ్లీ వేగం అందుకోవడానికి చాలాసేపు పడుతుంది, వెనక బండ్లన్నీ వరసగా ఆలస్యమవుతాయి. తొందరపడ్డ లారీ గేటు కర్రను గుద్దినా అంతే. గేటు విరగ్గొడితే రైల్వే చట్టం సెక్షన్ 160 కింద ఐదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. రద్దీ మార్గాల్లో ఇంటర్‌లాకింగ్ తాత్కాలిక ఏర్పాటుగానే పనికొస్తుంది.

## చిన్న అండర్ బ్రిడ్జి

రైల్వే ఎక్కువగా ముందుకు తెచ్చేది దీన్నే. ఎందుకో అర్థం చేసుకోవడం కష్టం కాదు. ముందే పోసి ఆరబెట్టిన కాంక్రీటు పెట్టెలు సిద్ధంగా ఉంచుకుంటారు. కొన్ని గంటల ట్రాఫిక్ బ్లాక్ (రైళ్లు ఆపిన సమయం) తీసుకుని పట్టాలు విప్పుతారు, తవ్వుతారు, క్రేన్లతో పెట్టెలు దింపుతారు, మట్టి నింపి మళ్లీ పట్టాలు వేస్తారు. బ్లాక్ దొరకని రద్దీ మార్గంలో హైడ్రాలిక్ జాకీలతో గట్టులోకి పెట్టెను నెడతారు, రైళ్లు వేగం తగ్గించి పైనుంచి వెళ్తూనే ఉంటాయి. భూసేకరణ దాదాపు ఉండదు, రాష్ట్రం వాటా కోసం ఎదురుచూడాల్సిన పని తక్కువ.

గట్టు 4 మీటర్లకు పైగా ఉన్నచోట, నీరు పక్క వాగులోకి తనంతట తాను పోయేచోట ఇంతకన్నా మంచి పరిష్కారం లేదు. గేటు దగ్గర నిలబడక్కర్లేదు, పశువులు కూడా పట్టాలెక్కకుండా పోతాయి. చిక్కంతా మిగతా చోట్ల.

లెక్క వేసి చూద్దాం. పట్టాల నుంచి పెట్టె పైకప్పు, కంకర కలిపి సుమారు మీటరు, లోపల 4 మీటర్ల ఎత్తు, అడుగున పలక. రోడ్డు మట్టం పట్టాల కన్నా 5 మీటర్ల పైనే కిందికి దిగుతుంది. గట్టు 2 మీటర్లే ఉంటే రోడ్డు చుట్టుపక్కల పొలాల కన్నా 3 మీటర్లకు పైగా లోతున ఉంటుంది. 20కి 1 వాలు ఇస్తే ఒక్కో వైపు 60 మీటర్ల పైన దిగుడు.

ఇప్పుడు వాన. బయటి చుక్క ఒక్కటి కూడా లోపలికి రానివ్వలేదనుకోండి. రెండు దిగుళ్లూ ఒక్కోటి 100 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు ఉంటే మొత్తం 1,200 చదరపు మీటర్లు. గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే 60,000 లీటర్లు నేరుగా అడుగుకు చేరతాయి. అడుగున 5.5 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల సమతలం ఉంటే నీరు ఒక అడుగు (30 సెంటీమీటర్ల) కన్నా ఎక్కువ లోతున నిలుస్తుంది. పొలాల నీరు కూడా తోడైతే నడుం దాకా వస్తుంది.

దీన్ని ఆపే ఏర్పాట్లు తెలిసినవే. డ్రాయింగులో ఉన్నాయో లేదో చూడాలి, కట్టాక అడిగితే లాభం లేదు:

- దిగుడు మొదట్లో రోడ్డును కాస్త ఎత్తు చేసి దిమ్మ పెట్టాలి. చుట్టుపక్కల నీరు దాన్ని దాటి లోపలికి రాదు.
- ఆ దిమ్మ వెనకే, మళ్లీ అడుగు దగ్గర, రోడ్డుకు అడ్డంగా ఇనుప జాలీ వేసిన కాలువలు. జాలీ తీసి పూడిక ఎత్తడానికి వీలుండాలి. కాంక్రీటులో బిగించేసిన జాలీ మొదటి వానాకాలానికే మూసుకుపోతుంది.
- దిగుళ్ల మీద రేకుల కప్పు. పైన వేసిన లెక్కలో నీటిని చాలామటుకు ఆపేది ఇదే.
- సంప్, మోటారు. గంటకు 60,000 లీటర్లు తోడాలంటే 5 హెచ్‌పీ మోటారు చాలు. అయితే గాలివానకు ముందుగా పోయేది కరెంటే. డీజిల్ ఇంజను లేని మోటారును నమ్ముకోకూడదు.
- మోటారు కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, ఎవరు నడపాలి. రైల్వేనా, ఆర్ అండ్ బీనా, పంచాయతీనా అన్నది కాగితం మీద తేలాలి. తేలకపోతే నీళ్లు నిలిచిన రోజు ముగ్గురూ ఒకరినొకరు చూపించుకుంటారు.

డెల్టాలో ఇంకో పెద్ద చిక్కు, ఊట. భీమవరం, గుడివాడ ప్రాంతాల్లో కాలువలు వదిలారంటే భూగర్భ నీరు పైకే ఉంటుంది. వాన లేకపోయినా పెట్టెల అతుకుల్లోంచి, పక్కగోడల కిందనుంచి నీరు ఉబుకుతుంది. అక్కడ దిగుళ్లకు విడి గోడలు కట్టి మధ్యలో రోడ్డు వేస్తే కుదరదు. గోడలు, అడుగు ఒకే కాంక్రీటు తొట్టిలా కలిసి ఉండాలి. 3 మీటర్ల ఊట నీటికి అడుగు మీద చదరపు మీటరుకు 3 టన్నుల పైతోపు ఉంటుంది. దాన్ని బరువుతోనే అణచాలంటే మీటరుకు పైగా మందం పలక కావాలి. చిన్న అండర్ బ్రిడ్జి చవక అన్న మాట అక్కడితో సరి. డెల్టాలో, చెరువు ఆయకట్టులో నేలమట్టం రైలు మార్గం కింద దీన్ని ఒప్పుకోవద్దనే నా సలహా.

తెలంగాణ రాతి నేలల్లో ఊట తక్కువే గానీ, బండ తగిలితే పెట్టె నెట్టడం సాగదు. బోరు వేసి నేల పరీక్ష చేయకుండా పద్ధతి ఖాయం చేయకూడదు.

ఇంకొకటి, మలుపు. రైలు పక్కనే సమాంతరంగా రోడ్డున్న ఊళ్లలో భూమి సేకరించకుండా పని ముగించాలని పెట్టె దాటగానే రోడ్డును లంబకోణంలో తిప్పేస్తారు. ఆటో తిరుగుతుంది, ఆర్టీసీ బస్సు తిరగదు. బస్సు రాకపోతే కాలేజీ పిల్లల చదువు సంగతి వేరే చెప్పాలా. 12 మీటర్ల పొడవు బస్సు ఒక్క తిప్పులో తిరిగేంత చోటు డ్రాయింగులో గీయించండి.

## ఓవర్ బ్రిడ్జి

అందరూ అడిగేది ఇదే. పట్టాల మీద సుమారు ఆరున్నర మీటర్ల ఖాళీ, ఆపై గర్డర్ మందం కలిపితే రోడ్డు పట్టాల కన్నా 8 మీటర్ల పైకి వెళ్తుంది. గట్టు 2 మీటర్లుంటే నేల నుంచి 10 మీటర్లు. 30కి 1 వాలు పెడితే ఒక్కో వైపు 300 మీటర్లు. ఎడ్లబండ్లు, బరువు ట్రాక్టర్లు ఎక్కువైతే 40కి 1 కావాలి, అంటే 400 మీటర్లు.

కేంద్ర పథకం సేతు భారతం కింద 2016లో జాతీయ రహదారుల మీది గేట్లను తీసేయడానికి 208 వంతెనలకు 20,800 కోట్లు ప్రకటించారు. సగటున ఒక్కోదానికి 100 కోట్లు. జాతీయ రహదారికి అది తగిన ఖర్చే. మండల రోడ్డుకు అదే అడిగితే ఆ డబ్బుతో పదికి పైగా చిన్న గేట్లు తీసేయొచ్చని ఫైలులో ఎవరో ఒకరు రాస్తారు. ఆ మాటలో నిజముంది.

పట్టణంలో అసలు ఖర్చు భూమిది. రెండు వరసల వంతెన వెడల్పు 12 మీటర్లు, కింద రెండు పక్కలా 5.5 మీటర్ల సర్వీసు రోడ్డు, కాలువలు కలిపితే 24 మీటర్లు దాటుతుంది. 15 మీటర్ల బజారు వీధిలో అంటే రెండు పక్కలా షాపులు పోతాయి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం మార్కెట్ విలువకు కనీసం రెట్టింపు. సర్వీసు రోడ్డు ఇవ్వకుండా వంతెన కడితే మిగిలిన షాపుల ముందుకు బండి రాదు, వ్యాపారం చస్తుంది.

ఆలస్యానికి కారణం కాంక్రీటు కాదు, ఇద్దరు యజమానులు. పట్టాల మీది భాగం రైల్వేది, అప్రోచ్‌లు రాష్ట్రానివి. రైల్వే తన భాగం కట్టేస్తుంది, రెండు వైపులా ఎక్కే రోడ్డు ఉండదు. లేదా రోడ్ల శాఖ స్తంభాలు లేపుతుంది, పట్టాల మీద గర్డర్‌కు బ్లాక్ దొరకదు. మొత్తం పని ఒకే సంస్థకు ఇవ్వడం దీనికి మందు. అది కుదరకపోతే 80 శాతం భూమి చేతికొచ్చాకే టెండర్ పిలవాలని పట్టుబట్టండి.

నడిచేవాళ్ల సంగతి డ్రాయింగులో కనపడదు. తలమీద మూటతో ఎవరూ 600 మీటర్లు ఎక్కి దిగరు. గేటు మూశాక గోడ సందులోంచి పట్టాలు దాటుతారు. అలా దాటడం రైల్వే చట్టం సెక్షన్ 147 కింద నేరం, పైగా ప్రాణాంతకం. ఓవర్ బ్రిడ్జితో పాటే పాత గేటు చోట రెండున్నర మీటర్ల ఎత్తున నడక, సైకిల్, బైకు సబ్‌వే ఉండాలి. ఇది ఓవర్ బ్రిడ్జి అంచనాలోనే కలవాలి, తర్వాత విడిగా మంజూరు కావడం అరుదు.

## గేటు మూసి దారి మళ్లించడం

దగ్గర్లో మంచి దాటుచోటు ఉంటే ఇది న్యాయమైన ఎంపికే. పట్టాల పక్కన బీటీ రోడ్డు వేసి, ఈ గేటు వాహనాలను ఆ బ్రిడ్జికి పంపుతారు. చుట్టు కిలోమీటరు, కిలోమీటరున్నర లోపైతే బండ్లకు పెద్ద తేడా ఉండదు. గేటుకు అవతల పొలాలున్న రైతుకు మాత్రం ఉంటుంది. పక్క రోడ్డు పూర్తయ్యాకే గేటు మూయాలన్న షరతు లేకుండా కలెక్టర్‌కు అంగీకారం పంపకండి. మూసేశాక రోడ్డు వేసే తొందర ఎవరికీ ఉండదు.

## ఎవరికి ఏది

గ్రామ పంచాయతీ, గట్టు మీద రైలు, మాగాణి తక్కువ: చిన్న అండర్ బ్రిడ్జి ఒప్పుకోండి. ఎత్తు 4 మీటర్లకు తగ్గకుండా, మలుపు, కప్పు, మోటారు బాధ్యత రాతపూర్వకంగా.

డెల్టా గ్రామం, పట్టాలు నేలమట్టం: ఇంటర్‌లాకింగ్ గేటు ఉంచుకుని, పక్క ఊరితో కలిసి ఇద్దరికీ ఒక ఓవర్ బ్రిడ్జి అడగండి. ఏడాదికి రెండు నెలలు నీళ్లలో ఉండే దారి కన్నా, ఆరు నిమిషాలు ఆపే గేటే మేలు.

పట్టణం, మధ్యలో రైలు: ఓవర్ బ్రిడ్జి ఊరి చివరి బైపాస్ మీదికి మార్చగలరేమో ముందు చూడండి. లారీలు అటు పోతే పాత గేటు చోట 4 మీటర్ల అండర్ బ్రిడ్జితో బజారు బతుకుతుంది, షాపులూ మిగులుతాయి. ఎత్తు ఉన్న అంబులెన్స్, ఫైరింజను రెండూ అందులో పట్టాలి.

రోడ్ల శాఖ ఇంజినీరు: జనరల్ అరేంజ్‌మెంట్ డ్రాయింగులో (కట్టడం మొత్తం చూపే పటంలో) మూడో, నాలుగో లైన్ ఖాళీ ఉందా అన్నది మొదటి ప్రశ్న. రెండోది, విద్యుత్ స్తంభాలు, తాగునీటి పైపులు తరలించే ఖర్చు ఎవరి అంచనాలో ఉంది. టెండర్ అయ్యాక పని ఆగేది ఎక్కువగా వీటి దగ్గరే.

నిధులు పంచేవాళ్లు: ఒక్కో గేటుకు ఒక్కో ఫైలు నడిపే పద్ధతి మారాలి. నా దృష్టిలో అసలు లోపం ఇదే. ఉదాహరణకు రెండు స్టేషన్ల మధ్య 10 కిలోమీటర్లలో 6 గేట్లున్నాయనుకోండి. విడివిడిగా చూస్తే ఏదీ లక్ష టీవీయూ దాటదు కాబట్టి ఆరింటికీ చిన్న అండర్ బ్రిడ్జిలే వస్తాయి, అందులో మూడు మునుగుతాయి. కలిపి చూస్తే ప్రధాన రోడ్డు మీద 1 ఓవర్ బ్రిడ్జి, ఎత్తు గట్టున్న చోట 2 అండర్ బ్రిడ్జిలు, 2 గేట్ల మూతకు 3 కిలోమీటర్ల పక్క రోడ్డు, మిగిలిన 1 గేటుకు ప్రస్తుతానికి ఇంటర్‌లాకింగ్. మూసిన గేట్ల వాహనాలు చేరాక ఓవర్ బ్రిడ్జి టీవీయూ కూడా పెరిగి మంజూరుకు బలం వస్తుంది. ఆ చివరి గేటు కూడా పోయాక రైల్వేకు కూడా లాభమే. గంటకు 130 కిలోమీటర్ల వేగం దాటి పోవాలంటే దారిలో ఒకటి రెండు గేట్లు మిగిలినా అడ్డే. ముక్కలుగా నాలుగు తీసేసి రెండు వదిలేస్తే రైలు వేగం ఆ రెండింటి దగ్గరే ఆగిపోతుంది.

ఇలా సెక్షన్ (రెండు స్టేషన్ల మధ్య మార్గం) వారీగా ప్రతిపాదన పంపడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. ఆ సెక్షన్‌లోని పంచాయతీల తీర్మానాలు, ఒక్కో గేటు మూత సమయం, పట్టాల గట్టు ఎత్తు, వానాకాలం నీటి మట్టం, ఎత్తైన వాహనాల జాబితా ఒకే పట్టికలో పెట్టి కలెక్టర్ ద్వారా డివిజనల్ రైల్వే మేనేజర్‌కు పంపాలి. నీటి మట్టం కొలత ఆగస్టు, సెప్టెంబరుల్లో తీసిందై ఉండాలి. ఏప్రిల్ కొలతతో గీసిన డ్రాయింగు ఏ డెల్టా ఊరికీ సరిపోదు.